చప్పుడు చెయ్యని జోడు

బూట్లమ్మ వస్తోందంటే ఆస్పత్రిలో ముందుగా తెలిసేది చెవులకు. నల్లతోలు బూట్ల మడమలు గచ్చును టక్ టక్ మని కొట్టుకుంటూ వరండా మలుపు తిరిగాయంటే చాలు, వార్డులో కూర్చున్న నర్సు లేచి నిలబడేది, చేతిలో ఫోను జేబులో దూరేది, వేలాడుతున్న దుప్పటి అంచు పరుపు కిందికి పోయేది. రోగులు కూడా, పాపం, మూలుగు కాసేపు బిగబట్టుకునేవారు. ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉండాలి. జీతాలిచ్చే గదిలో తప్ప దాంతో ఎవరికీ పని పడలేదు.

వార్డు ఇన్‌ఛార్జి ఆవిడ. పెళ్ళి కాకముందు నుంచీ అదే ఆస్పత్రి, అదే రకం బూట్లు. ఒక జత అరిగితే అదే అచ్చులో ఇంకో జత. చేరిన కొత్తలో అప్పటి పెద్ద సిస్టరు, చెవి మెలిపెట్టి మరీ చెప్పిందట: "నర్సంటే దొంగపిల్లి కాదే, సందుల్లోంచి రావడానికి. నువ్వొస్తున్నావని వార్డంతా తెలియాలి. పోయేవాడికి కూడా తెలియాలి, కాసేపు ఆగుతాడు." ఆ పెద్దావిడ ఎప్పుడో పోయింది. ఆవిడ మాట మాత్రం బూట్లమ్మ మడమల్లో మేకు దిగినట్టు దిగిపోయింది.

అప్పట్నుంచీ లోకంలో మనుషుల విలువ ఆవిడకు మోకాలి కిందే తేలిపోయేది. మొహం సంగతి తర్వాత. పెద్ద డాక్టరున్నాడు కదా, కోతల్లో చెయ్యి తిరిగినవాడని ఊరంతా పేరు. ఆయన బూట్లు ముందుకి సూదిమొనల్లా ఉంటాయి. తడిగుడ్డ పెట్టిన నేల మీద గోడ పట్టుకుని నడుస్తాడు. "మనిషిని కొయ్యడం వచ్చు, మడమ ఆనించడం రాదు" అనేది బూట్లమ్మ, ఆయన వినేంత దూరంలోనే. ఎక్స్‌రే గది కుర్రాడివి ఆటబూట్లు, చిలకపచ్చకి నారింజ రంగు తగిలించి, వెనక మెరిసే పట్టీ కూడాను. "ఏ పందేనికెళ్తున్నాడో మహానుభావుడు! భోజనాల గంటకి తప్ప వాడు పరిగెత్తగా నేను చూళ్ళేదు." ఆయాల హవాయి చెప్పులైతే ఆవిడ లెక్కలోనే లేవు. వాళ్ళ కాళ్ళు ముందొస్తే చెప్పులు వెనకొచ్చేవి.

అన్నిటికన్నా ఒళ్ళు మండేది చిల్లుల చెప్పులు చూస్తే. ముందు బూరెల్లా ఉబ్బి, పైన గుండ్రంగా చిల్లులు పడి ఉంటాయే, ఆ రబ్బరువి. వార్డులో ఒక పడుచు నర్సు అవే వేసుకునేది, అదీ లేతాకుపచ్చవి. సూది జారితే ఎటు పోతుంది? చిల్లులోకి. నెత్తురు చిందితే ఎటు పోతుంది? చిల్లులోకి. ఈ మాట మొదటిరోజే అరిచి చెప్పింది బూట్లమ్మ. ఆ పిల్ల "సరే సిస్టర్" అని, మర్నాడు అవే వేసుకొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే! ఆ రోజునుంచీ ఆ పిల్ల పేరు జల్లెడ. వార్డంతా అలాగే పిలిచేది, ఆఖరికి జల్లెడ కూడా ఫోనెత్తి "నేను జల్లెడని" అనేది. సిగ్గూ శరమూ ఉంటేగా.

ఆ జల్లెడకు ఈ మధ్య బుర్ర కూడా కారిపోతోందని బూట్లమ్మ నమ్మకం. లేకపోతే ఆ ప్రశ్నలేమిటి? ఆవిడ రౌండుకి బయల్దేరి సగం వార్డు దాటేసరికి ఎక్కణ్ణుంచో ఊడిపడేది. "సిస్టర్, ఈ కట్టు కుడినుంచి ఎడమకి చుట్టాలా, ఎడమనుంచి కుడికా?" "సిస్టర్, దుప్పటికి తలవైపేదీ, కాళ్ళవైపేదీ?" ఇది చాలక తన తోకకి ఇంకో కొత్త పిల్లని కట్టుకుంది, అదీ అంతే. బూట్లమ్మ మందుల బల్లకి జారబడి, కళ్ళజోడు పైకి నెట్టి, తీరుబడిగా వాయించేది. "నిన్ను నర్సుని చేసినవాడెవడే? వాణ్ణి తీసుకొచ్చి ఈ మంచమ్మీద పడుకోబెట్టు, నేను సూదిస్తా!" జల్లెడ తల వంచుకుని అంతా వినేది. తిట్లయిపోతే "థాంక్స్ సిస్టర్" అని పోయేది.

ఇంటికొచ్చి మొగుడి ముందు వాపోయేది బూట్లమ్మ. "మా రోజుల్లో ఇంత మొద్దు సరుకు గడప కూడా తొక్కేది కాదండీ."

ఆ మొగుడుగారు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయన మీద కూడా ఆవిడకు చులకనే. జీవితమంతా కూర్చుని సంపాదించినవాడు, నిలబడ్డం గురించి ఏం మాట్లాడతాడు? ఆయన మాట్లాడేవాడు కాదు కూడా. సాయంత్రం ఆవిడ తలుపు గొళ్ళెం తియ్యగానే బకెట్లో వేణ్ణీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పేసి, కుర్చీ ముందు పెట్టి తన పేపరు తను చదువుకునేవాడు.

ఉప్పునీళ్ళెందుకంటే, బూట్లమ్మ ఎడమ మడమ పాడైపోయింది. పొద్దున్నే మంచం దిగి కాలు మోపితే నేలలోంచి మేకు దిగినట్టుండేది. కాసేపు నడిస్తే సర్దుకునేది. మళ్ళీ షిఫ్టు సగమయ్యేసరికి అరికాలి మంట నెత్తికెక్కేది, మాటవరసకి కాదు, నిజంగానే. అయినా మొహంలో ఒక్క గీత మారనిచ్చేది కాదు. మెడ నిటారు, చూపు సూటి. తన కాలి సంగతి నరమానవుడికి తెలియదనే అనుకునేది. పిల్లి కూడా అంతే, కళ్ళు మూసుకుని పాలు తాగుతూ లోకమంతా చీకటనుకుంటుంది.

ఇంతలో వార్డుని కొత్త బ్లాకులోకి మార్చారు. పాత వార్డుకి రెండింతల పొడవు, ఈ చివర నించుంటే ఆ చివర రోగి మగో ఆడో తెలియదు. కట్టినవాడి కాళ్ళు పడిపోను, వాడు మాత్రం కార్లో వచ్చి కార్లో పోయాడు. మేట్రన్ ఇన్‌ఛార్జులందర్నీ పిలిచి మెత్తగా చెప్పింది: "నేను ఒక్కొక్కరితో కలిసి వార్డు ఈ చివర్నుంచి ఆ చివరకి రౌండు చేస్తాను. నడవలేనివాళ్ళు మొహమాటపడొద్దు. దుప్పట్ల గదిలో ఒక సీటు ఖాళీగా ఉంది. హాయిగా కూర్చుని చేసే పని."

హాయిగా, కూర్చుని! బూట్లమ్మ గుండెల్లో రాయి పడింది. దుప్పట్ల గదంటే కిటికీ లేని కొట్టు. అక్కడికెళ్ళిన నర్సులు కొన్నాళ్ళకి మూటల్లో మూటైపోతారు. ఎవరూ పిలవరు, ఎవరూ భయపడరు, ఎవరి జ్వరమూ వాళ్ళ చేతి కింద తగ్గదు. వార్డు లేకపోతే తనెవరు? ఇంట్లో ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టుకున్న ముసల్ది. ఆ ఆలోచనకే ఆవిడకు ఏడుపొచ్చింది, వెంటనే ఆ ఏడుపు మీద కోపమొచ్చింది.

మేట్రన్ రౌండు రేపనగా, షిఫ్టు దిగి తిన్నగా చెప్పుల దుకాణానికి వెళ్ళింది. మొగుణ్ణి కూడా అక్కడికే రమ్మంది. కాళ్ళు పొంగి ఉన్నప్పుడే కొనాలి, పొద్దున సరిపోయిన జోడు సాయంత్రానికి సంకెళ్ళవుతుందని ఆవిడ లెక్క.

దుకాణదారు నున్నటి మనిషి, నవ్వు చెరగదు. ఒక జత తీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. "ఇది తొడగండి మేడమ్, మేఘాల మీద నడిచినట్టుంటుంది."

"మేఘాల మీద నడిచేవాళ్ళు మా వార్డునుంచే వెళ్తారయ్యా. తిరిగొచ్చి బాగుందని చెప్పినవాళ్ళు లేరు. నేల మీద నడిచేది చూపించు."

ఆ నవ్వు అక్కడే కొద్దిగా వాడింది. తర్వాత గంట అతను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఒక జత చేతుల్లోకి తీసుకుని మధ్యకి విరిచింది. అప్పడంలా మడతపడింది. "ఇది చెప్పా, రుమాలా?" అని పక్కన పడేసింది. ఇంకోటి పైన గుడ్డ. "రోగి వాంతి చేసుకుంటే దీన్ని తుడుస్తానా, పిండుతానా?" ఇంకోటి తెల్లగా, అందంగా, ముందు ఇరుగ్గా ఉంది. "నా వేళ్ళు ఐదయ్యా, ఇందులో మూడే పడతాయి. మిగతా రెండూ నీ దగ్గర దాస్తావా?" దుకాణంలో తాగడానికి పెట్టిన గ్లాసెడు నీళ్ళు తీసి నేల మీద ఒంపింది. దుకాణదారు "అయ్యో మేడమ్" అనేలోపే ఆ తడి మీద ఒక్కొక్క జతా తొడుక్కుని కాలు ఈడ్చి చూసింది, జారుతుందేమోనని. జారినవాటిని అతని మొహం చూసి మరీ వెనక్కి నెట్టింది.

"నడిచి చూడండి మేడమ్, అలా గుమ్మం దాకా."

"నడవడం ఎవడైనా నడుస్తాడు. నించోవాలి."

అని దుకాణం నడిబొడ్డున నిలబడిపోయింది. ఇద్దరు ముగ్గురు వచ్చిన కొనుగోలుదార్లు ఆవిడ చుట్టూ తిరిగి వెళ్ళారు. మొగుడుగారు బల్ల మీద కూర్చుని, "ఏమోయ్, బస్సైతే ఈపాటికి రెండు ట్రిప్పులయ్యేవి" అన్నాడు. "కూర్చునేవాళ్ళకేం, ఎన్నయినా అవుతాయి" అంది ఆవిడ, కదలకుండానే.

ఆఖరికి మూల అరలోంచి ఒక నల్లజోడు బయటికొచ్చింది. ముందు వెడల్పు, మడమ దగ్గర గట్టి పట్టు, కింద మందంగా ఒక మెత్తదనం, పైన తుడిస్తే పోయే తోలు, చిల్లూ లేదు చిందులూ లేదు. తొడిగింది. నిలబడింది. మేకు దిగలేదు. ఎన్నాళ్ళుగానో పళ్ళ బిగువున ఆపుకున్నదేదో నడుందాకా వదులైనట్టయింది. హాయిగా ఉంది. ఆ హాయి మీద ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఇంత సుఖం ఇన్నాళ్ళూ ఈ మూల అరలో పడుందా? ఈ వెధవ రబ్బరు ముక్క లేకనా తను మడమ అరగదీసుకుంది?

రెండడుగులు వేసింది. చప్పుడు లేదు. ఇంకాస్త గట్టిగా తొక్కింది. అయినా లేదు.

"ఇది చప్పుడు చెయ్యదా?"

"అదే కదా మేడమ్ దీని గొప్ప!" అన్నాడు దుకాణదారు, ప్రాణం లేచొచ్చి.

"గొప్పంట! మనిషొచ్చినట్టు తెలియకపోవడం గొప్పంట!" అని విసుక్కుంది. కానీ విప్పలేదు. చప్పుడు పోతే పోయింది, వార్డు పోకుండా ఉంటే చాలు.

మర్నాడు ఆ జోడుతో వార్డులో అడుగుపెట్టింది. ఒక్క తలా తిరగలేదు. ఒక నర్సు కిటికీలో ఆనుకుని జుట్టు సర్దుకుంటోంది. ఇంకొకతె రోగి మంచం మీదే కూర్చుని అతని ద్రాక్షపళ్ళు అతనికన్నా ముందు తింటోంది. ఒక ఆయా నిలబడే నిద్రపోతోంది, ఆ విద్య ఎక్కడ నేర్చుకుందో. బూట్లమ్మకు లోపల పండగలా అనిపించింది. ఓహో, నా వెనక జరిగే భాగోతం ఇదన్నమాట! దొంగపిల్లి బతుకులో ఇంత సుఖముందా? అందర్నీ ఒకేసారి ఉతికి ఆరేద్దామని, ముందు ఆ జల్లెడ ఎక్కడుందో చూడ్డానికి మందుల బల్ల దగ్గర తెర పక్కకి చేరింది.

తెర అవతల జల్లెడ, కొత్త పిల్లకి ఏదో పాఠం చెబుతోంది.

"ఇవాళ మేట్రన్‌తో రౌండు. నువ్వు అటు మధ్యలో ఉండు, నేను ఆ చివర ఉంటా. చెవి పెట్టి విను. రెండు టక్కులూ సమానంగా పడుతున్నంతసేపు ఊరుకో. ఎడమ టక్కు లేటయిందనుకో, నొప్పి మొదలైనట్టు. వెంటనే ఎదురెళ్ళి ఏదో ఒక పిచ్చి ప్రశ్న అడుగు."

"ఇదివరకు నువ్వడగమన్నావని అడిగానుగానీ, ఎందుకక్కా? ఊరికే తిట్లు తినడానికా?"

"తిట్టేటప్పుడు ఆవిడ ఆగుతుంది కదే. బల్లకో మంచానికో ఆనుకుంటుంది. ఎంత పిచ్చి ప్రశ్నయితే అంతసేపు తిడుతుంది. అంతసేపూ ఆ కాలికి రెస్టు. ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చామనుకున్నావ్?"

"ఇదంతా దేనికక్కా? మేట్రన్‌కి ఒక్క మాట చెప్తే కూర్చునే పనిస్తారు కదా."

"చెప్తే ఆవిడ మంచం పడుతుంది. మనమంటే ఆవిడకి పరమ అసహ్యం, తెలుసుగా? ఉండనీ. ఆ కోపం మీదే నడుస్తోంది ఆవిడ. సరేగానీ, ఇంకా చప్పుడు లేదేంటి, ఇవాళ లేటా?"

తెర ఇవతల బూట్లమ్మకు తల కొట్టేసినట్టయింది. దుప్పటికి తలవైపేదీ అన్న మొద్దుమొహం. కట్టు ఎటు చుట్టాలన్న వెర్రిమొహం. తను తీరుబడిగా బల్లకి జారబడి, ఆహా ఎంత బాగా వాయించాను అని మురిసిపోయిన ప్రతి తిట్టూ, ఈ పిల్ల తనకి పోసిన మందు. ఎవరి చేత? జల్లెడ చేత! జాలి పడ్డారు. తన మీద. సిగ్గుతో ఆవిడ చెవులు కాలిపోయాయి. తెర లాగి ఇద్దర్నీ చీల్చి చెండాడాలని నోరు తెరిచింది. తెరిచిన నోరు మళ్ళీ మూసేసింది. ఇప్పుడు తిడితే ఏమవుతుంది? ఇంకో మోతాదు మింగినట్టవుతుంది. ఆవిడకున్నదంతా ఆ నోరొక్కటే. దాన్ని కూడా వీళ్ళు వాడేసుకున్నారు.

వెనక్కి వెనక్కి అడుగులేసి గుమ్మం దగ్గరికెళ్ళి, అప్పుడే వచ్చినట్టు గట్టిగా దగ్గింది. వార్డంతా ఉలిక్కిపడి లేచింది. జల్లెడ తెర వెనకనుంచి వచ్చి ఆవిడ కాళ్ళ వంక చూసింది. మొహంలో రంగు మారింది.

"కొత్త జోడా సిస్టర్?"

"కనబడ్డంలేదూ?" అంది బూట్లమ్మ. అంతకన్నా పొడిగించలేదు.

మేట్రన్ వచ్చింది. రౌండు మొదలైంది. కొత్త జోడు మాట నిలబెట్టుకుంది, సగం దాకా. పక్కన మేట్రన్ కబుర్లు, రోగులకు పలకరింపులు, బూట్లమ్మ మెడ నిటారు, చూపు సూటి. కానీ ఏళ్ళ తరబడి పాడు చేసుకున్న మడమని ఒక్కపూట జోడు ఏం బాగుచేస్తుంది? సగం దాటాక నొప్పి లేచింది. ఇంకో మంచం. ఇంకో మంచం. మేకు దిగుతోంది. మొహం మీద మాత్రం ఒక్క గీత లేదు.

మధ్యలో కొత్త పిల్ల గోడకి ఆనుకుని నిలబడుంది, చెవులు రిక్కించి. ఆ చివర జల్లెడ కూడా అంతే. వినడానికి ఏమీ లేదు. చప్పుడు లేని కాలు నొప్పెడుతోందో లేదో వాళ్ళకెలా తెలుస్తుంది? కొత్త పిల్ల ఆవిణ్ణి దాటిపోనిచ్చింది. ఇంకా బోలెడు మంచాలున్నాయి. ఎడమకాలు ఇక లేవనంది. మేట్రన్ ఒకడుగు ముందుకెళ్ళి, రెండడుగులు ముందుకెళ్ళి, ఆగి వెనక్కి చూసింది.

"ఏం సిస్టర్?"

బూట్లమ్మ పక్కనున్న మంచం ఇనపకమ్మీ పట్టుకుంది. జన్మలో ఎవరి దగ్గరా కాళ్ళబేరానికి రాని మనిషి. ఆ చివర లేతాకుపచ్చ చెప్పుల వంక చూసింది.

"ఏయ్, జల్లెడా! ఇలా రా."

జల్లెడ పరిగెత్తుకొచ్చింది.

"నీకేదో డౌటుందిగా. అడుగు."

జల్లెడకి అర్థంకాలేదు. "నాకా? లేదే సిస్..." అనబోయింది.

"ఉంది" అంది బూట్లమ్మ. "ఉంటుంది నీకు. అడుగు."

అప్పుడు జల్లెడ చూపు ఆ కమ్మీ మీదికి, దాన్ని పట్టుకుని తెల్లబడిపోయిన వేళ్ళ మీదికి వెళ్ళింది. తర్వాత లోకంలో ఉన్న వెర్రితనమంతా మొహానికి పులుముకుంది.

"అవును సిస్టర్, మర్చేపోయాను. మనం నాడి చూసేటప్పుడు, రోగి కూడా మనతోపాటు లెక్కపెట్టాలా?"

మంచం మీద రోగి ఫక్కుమన్నాడు. బూట్లమ్మ కమ్మీకి నడుం ఆనించింది. ఎడమకాలు మెల్లగా పైకి తీసింది. ఊపిరి పీల్చుకుంది.

"పెట్టాలే! రోగి లెక్కపెట్టాలి, పక్క మంచం వాడు ఎక్కం అప్పజెప్పాలి, వాళ్ళ చుట్టాలొచ్చి తాళం వెయ్యాలి! నీ మెడ మీదున్నది తలా, సొరకాయా? చెప్పులకే చిల్లులనుకున్నా, పుర్రెక్కూడా పెట్టించుకున్నావా?..." అలా సాగింది. కొత్త పిల్లని కూడా కలుపుకుంది, ద్రాక్షపళ్ళ నర్సుని కలుపుకుంది, నిలబడి నిద్రపోయే ఆయాని కలుపుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. కోపమనుకున్నారందరూ.

మేట్రన్ నవ్వాపుకోలేకపోయింది. "ఈ నోరు తీసుకెళ్ళి దుప్పట్ల గదిలో పెడితే దుప్పట్లు చిరిగిపోతాయి. మీరు ఇక్కడే ఉండండి సిస్టర్, అక్కడికి ఇంకెవర్నైనా చూస్తాను" అని, పక్క మంచం దగ్గర రోగితో మాటల్లో పడింది.

తిట్లయిపోయాయి. మడమ మాత్రం ఇంకా తగ్గలేదు. బూట్లమ్మ మేట్రన్ వీపు వంక చూసి, జల్లెడ వంక చూసి, గొంతు బాగా తగ్గించింది.

"ఇంకేమైనా ఉందా?"

"ఉంది సిస్టర్" అంది జల్లెడ.